ఆల్చిప్పా, నల్లజీడీ

కన్యాకుమారి మాటల మనిషి కాదు. ఈ సంగతి ఆ ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. శ్రీముఖలింగానికి ఎగువన వంశధార ఒడ్డునున్న ఆ ఊరికి ఆమె కోడలిగా వచ్చిన కొత్తలో, పిల్ల మూగదేమోనని ఇరుగుపొరుగు గుసగుసలాడుకున్నారు. తర్వాత అలవాటుపడ్డారు. ఆ తర్వాత మెచ్చుకోవడం మొదలెట్టారు. ఇంట్లో గొడవ వీధిలోకి పొక్కనివ్వని కోడలంటే మనవాళ్ళకెంత ముద్దో వేరే చెప్పాలా. అత్తగారు దాలమ్మయితే గడపలోకి వచ్చిన ప్రతివాళ్ళతోనూ ‘మా కోడలు ఆల్చిప్ప, నోరిప్పదు’ అని గొప్పగా చెప్పుకునేది. ఆల్చిప్పని ఎప్పుడూ దగ్గరగా చూడని మనిషే ఆ మాటని పొగడ్తగా వాడగలదు.

దగ్గరగా చూసింది కన్యాకుమారే. శివరాత్రి యాత్ర సద్దుమణిగి, ఏరు పాయలుగా సన్నబడ్డాక ఆమె మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి అరికాళ్ళతో వెతుకుతుంది. ఆల్చిప్పలు బురదలో సగం పూడుకుని, అంచు మాత్రం పైకి పెట్టుకుని ఉంటాయి. కాలు తగలగానే టక్కున మూసుకుంటాయి. వాటిని ఏరి, ఉడకబెట్టి, లోపలి మాంసం బాతులకి వేసి, చిప్పల్ని పెరట్లో చిన్న బట్టీలో ఊకా పిడకలూ పేర్చి కాలుస్తుంది. కాలిన చిప్పల మీద నీళ్ళు చల్లితే పెళపెళమని విరిగి తెల్లటి పొడవుతాయి. ఆ గుల్లసున్నం తాంబూలానికి కొంత, గోడలకి కొంత, ఇంకో పనికి కొంత. ఆ ఇంకో పని దగ్గరే ఆ ఇంటి ప్రాణం మీదికి వచ్చింది.

దాలమ్మ ఇంటివాళ్ళ మెట్టచేను గట్టు మీద ఒక నల్లజీడి చెట్టుంది. జీడిమామిడి కాదు, దానికి చుట్టం. మామిడికీ చుట్టమే. చలి తగ్గే రోజుల్లో దాని కాయలు పండి రాలతాయి. నారింజరంగు పండు కొసన నల్లటి గింజ ఉంటుంది. ఆ గింజని కాస్త వెచ్చజేసి సూదితో గుచ్చితే జిగటగా రసం వస్తుంది. దాంతో గోనెసంచి మీద గుర్తు పెట్టి, పైన తడి గుల్లసున్నం రాస్తే నల్లబడి, సంచి చిరిగిపోయేదాకా పోదు. మిల్లులో ఊళ్ళవాళ్ళందరి బస్తాలూ కలిసిపోయినా ఈ ఇంటి బస్తా ఏదో తేల్చేది ఆ గుర్తే. ఇప్పుడందరూ మిల్లువాళ్ళిచ్చే ప్లాస్టిక్ సంచుల్లో పోసి పంపేస్తున్నారు. దాలమ్మ ఒప్పుకోదు. గోనె ఉండాలి, గుర్తుండాలి, కొత్తకోడలు వచ్చిన ఏడు ఆ గుర్తు ఆమే వెయ్యాలి.

ఆ చెట్టుని ఆ ఇంట్లో చెట్టనరు, జీడమ్మ అంటారు. కొత్తకోడల్ని అక్కడికి తీసుకెళ్ళి, మానుకి పసుపు రాసి, పుట్టింటి పేరూ అత్తింటి పేరూ చెప్పి చూపిస్తారు. చూపించాక ఆ అమ్మ ఆమెనేమీ చెయ్యదని నమ్మకం. అయినా ఒళ్ళు పొంగి పొక్కులొస్తే, ఏదో అపచారం జరిగిందనుకుని మళ్ళీ చెట్టు కిందికే తీసుకెళ్తారు. కుంపట్లో ఆ చెట్టు ఆకులూ ఆ చెట్టు గింజలే వేసి, మనిషి మీద దుప్పటి కప్పి పొగ పట్టిస్తారు. జీడిపొగ అంటారు దాన్ని. ఆ వైద్యం ఎవరు మొదలుపెట్టారో తెలియదు గాని, బుర్ర పెట్టి ఆలోచించినవాళ్ళు మాత్రం కాదు.

కన్యాకుమారి కొడుకు ధర్మేంద్ర భోగాపురం విమానాశ్రయం పనుల్లో టిప్పర్ నడుపుతాడు. వారానికోసారి ఇంటికొస్తాడు. అతనికి పెళ్ళయి ఏడాది కాలేదు. పిల్ల ఈశ్వరిది రాజాం. డిగ్రీ చదివింది. నోరు ఊరుకోదు. నిద్రలో కూడా ఎవరితోనో కబుర్లాడుతూ ఉంటుందని ధర్మేంద్ర ఏడిపిస్తాడు. అలాంటి పిల్ల ఈ మాటలేని అత్తకి ఎలా అతుక్కుందో గాని, ఎక్కడికెళ్తే అక్కడికి వెనకాలే తిరిగేది.

ఆ రోజు ఏట్లో ఇద్దరూ ఆల్చిప్పలు ఏరుతున్నారు. ఈశ్వరి చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, ఒక ఆల్చిప్పని గోటితో తెరవబోయి ఓడిపోయింది.

“అత్తా, దీనికి నోరెక్కడున్నాది?”

“అంతా నోరే,” అంది కన్యాకుమారి.

“మరి మూసుకుని కూకుంటాదేటి?”

“ముట్టుకున్నావు కదా.”

ఈశ్వరి నవ్వింది. “మీ ఇంట్లో రెండున్నాయి అత్తా. ముట్టుకుంటే మూసుకునేది ఒకటి, ముట్టుకుంటే కక్కీది ఒకటి. నువ్వు ఆల్చిప్ప, మామ్మ నల్లజీడి.”

“మరి నువ్వో?”

“నేనా? నేను రాజాం.”

కన్యాకుమారికి నవ్వు ఆగలేదు. ఆమె పైకి నవ్వడం ఈశ్వరి చూడటం అదే మొదలు కాబోలు, ఆ పిల్ల ఉత్సాహపడి ఇంకా చెప్పుకుపోయింది. ఏటిలో మురికినంతా తాగి నీళ్ళు మాత్రం బయటికి వదిలేది ఆల్చిప్పేనట, కాలేజీలో చెప్పారట. మురికి లోపలే దాచుకుంటుందట. జీడిచెట్టు అలా కాదు, దాని దగ్గరున్నదంతా బెరడు మీదికే తెచ్చి పెట్టుకుంటుంది. “జీడే నయం అత్తా. దగ్గరికి రావద్దని ముందే సెప్తాది,” అంది.

ఆ ముందు రోజే కన్యాకుమారికొక చచ్చిన ఆల్చిప్ప దొరికింది. బిగుతుగా మూసుకునే ఉంది. బరువుగా కూడా ఉంది. తెరిస్తే లోపల నల్లటి బురద తప్ప ఏమీ లేదు. బయటినుంచి చూసి అది చచ్చిందని ఎవరూ చెప్పలేరు.

“జీడంటే గుర్తొచ్చింది,” అంది ఈశ్వరి బుట్ట కడుగుతూ. “మామిడికాయల రోజుల్లో నా మూతి సూడాలి అత్తా. సొన తగిలితే సాలు, బూరెలాగ పొంగిపోద్ది. మా పిన్ని జీడిపిక్కలు కొట్టిన సేత్తో ముట్టుకున్నా అంతే. ఓపాలి ఆయాసం కూడా వచ్చీసింది.”

సరిగ్గా ఈ మాటే, ఈ ఏటి ఒడ్డునే, ఒకప్పుడు ఇంకో పిల్ల అనగా కన్యాకుమారి విన్నది. ఆ పిల్ల చిన్నతల్లి, దాలమ్మ కూతురు, కన్యాకుమారికి ఆడపడుచు. ఆ పిల్ల పోయి పాతికేళ్ళ పైమాట. ఒళ్ళు పొంగితే జీడిపొగ పట్టించారు. పొగ పట్టించిన పూటే పోయింది. జీడమ్మ కోపం తీరలేదని ఊరంతా అనుకుంది. నిజమేమిటో కన్యాకుమారికి తెలుసు. రేపు ఈ పిల్ల చేత బస్తాలకి గుర్తు వేయించకూడదని, ఇంటికెళ్ళగానే అత్తతో చెప్పాలని ఆ క్షణంలోనే అనుకుంది. దారిపొడుగునా మాటలు కూడబలుక్కుంది. గడపలో అడుగుపెట్టేసరికి ఒక్కటీ మిగల్లేదు.

మర్నాడు దాలమ్మ గోనెసంచులు పరిపించి, గింజలూ సూదీ సున్నపు గిన్నే సిద్ధం చేసింది. డెబ్బై దాటినా ఆమె గొంతు వీధి చివరికి వినబడుతుంది. కన్యాకుమారి సూది అందుకోబోయింది.

“నేనేస్తాను అత్తా. దానికి సేతకాదు.”

“నువ్వొచ్చిన ఏడు నువ్వెయ్యలేదేటి? నీకప్పుడు సేతనయిందేటి?” అంది దాలమ్మ. “ఒగ్గేయ్. నేర్సుకుంటాది.”

అంతే. కన్యాకుమారి సూది వదిలేసింది. పడదేమోనని ఒక్క మాట, మామిడి సొన సంగతి ఒక్క ముక్క చెబితే సరిపోయేది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని ఇప్పుడు మనం అడగొచ్చు, కూర్చున్నచోటు నుంచి ఎన్నయినా అడగొచ్చు. అలవాటు మనిషిని ఎలా పట్టుకుంటుందో తెలిసినవాళ్ళు అడగరు. ఈశ్వరి చేతులకి కొబ్బరినూనె రాసుకుని, ముచ్చటపడుతూ, ఒక గీతా దాని మీద రెండు చుక్కలూ పెట్టుకుంటూ పోయింది. మధ్యలో నుదుటి మీద చెమట తుడుచుకుంది. కన్యాకుమారి అది చూసింది. పరిగెత్తుకెళ్ళి తడిగుడ్డతో తుడిచింది. చాలా ఆలస్యమైపోయిందని ఆమెకి తెలుసు.

కన్యాకుమారి భర్త జగన్నాధం బస్తాలు లారీకెత్తించుకుని, వియ్యంకుడు మాట్లాడిపెట్టిన మిల్లుకని రాజాం వెళ్ళాడు. అతను వెళ్ళిన పూట ఈశ్వరికి దురద మొదలైంది. తెల్లారేసరికి చేతులంతా పొక్కులు, మొహం గుర్తుపట్టలేనట్టు వాచింది. రెప్పలు ఉబ్బి కళ్ళు మూసుకుపోయాయి. మంచం మీద కూర్చుని గోడకేసి తిరిగి, “అత్తా, తెల్లారిందా?” అని అడిగింది.

“నరసన్నపేట తీసుకెల్తాను అత్తా,” అంది కన్యాకుమారి. ఆమెకది పెద్ద ప్రసంగమే.

దాలమ్మ అప్పటికే కుంపటి బయటికి తీసింది. “అమ్మకి సెప్పకుండానా? సూదిమందులేయించి ఇంకా కోపం తెప్పిస్తావేటి? ముందు పొగ పడదాం. తర్వాత నీకు నచ్చిన సోటికి తీసుకెల్లు.”

“అది కాదత్తా...”

“ఏది కాదు?”

అప్పుడు ఈశ్వరి తడుముకుంటూ చెయ్యి చాపింది. “మామ్మ సెప్పినట్టే సేద్దాం అత్తా. పెద్దావిడ కదా. నువ్వు పక్కనుంటావు కదా, నాకేటి బయం?”

ఆ మాట కన్యాకుమారికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

మెట్టచేను దాకా కళ్ళు కనబడని పిల్లని చెయ్యిపట్టి నడిపించింది. ముందు దాలమ్మ, నెత్తిన నిప్పుల కుంపటి. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. దారిలో, ఊళ్ళో ఆటో నడిపే బంగారురాజు బండి కడుగుతూ కనిపించాడు. పిల్ల మొహం చూసి గుడ్డ పక్కన పడేసి లేచి నిలబడ్డాడు. కన్యాకుమారి ఆగకుండానే, “ఇక్కడే ఉండు బంగారూ, ఎక్కడికీ ఎల్లకు,” అంది. కన్యాకుమారత్త తనంతట తాను తనని పలకరించిందని అతను ఆ తర్వాత చాలాకాలం చెప్పుకున్నాడు.

చెట్టు కింద రాలిన ఆకుల మీద ఈశ్వరిని కూర్చోబెట్టారు. దాలమ్మ మానుకి పసుపు రాసింది. నిప్పులు విసిరి ఎర్రజేసి, దోసెడు ఆకులూ గింజలూ పక్కన పెట్టుకుంది. కన్యాకుమారి చేతికి దుప్పటి ఇచ్చింది.

“గట్టిగా పట్టుకో. సందు లేకుండా సూడు.”

ఆ దుప్పటి పట్టుకోవడం కన్యాకుమారికి కొత్త కాదు. చిన్నతల్లికి పట్టుకుంది కూడా ఆమే. అప్పటికామె కొత్త కోడలు, అత్త ముందు తలెత్తి ఎరగదు. దాలమ్మ మంత్రమేదో గొణుక్కుంటూ చెట్టు చుట్టూ తిరుగుతోంది. దుప్పటి లోపల చిన్నతల్లి దగ్గింది, ఆగి మళ్ళీ దగ్గింది. తర్వాత దుప్పటి అంచు కిందినుంచి ఒక చెయ్యి వచ్చి కన్యాకుమారి మణికట్టు పట్టుకుంది. “వదినా, సాలని అమ్మతో సెప్పు,” అంది చిన్నతల్లి. ఆ గొంతు సన్నగా, ఈలలా వచ్చింది. కన్యాకుమారి అత్తకేసి చూసింది. అత్త కళ్ళు మూసుకుని తిరుగుతోంది. మధ్యలో ఆపితే ఏమంటుందో అనుకుంది. ఇంకో చుట్టు అయ్యాక చెబుదామనుకుంది. ఆ చుట్టు పూర్తయ్యేసరికి మణికట్టు మీది వేళ్ళు వదులయ్యాయి. ఇంటికి మోసుకెళ్తుండగా దారిలోనే పిల్ల ఊపిరి ఆగిపోయింది. ఆ పొగ పక్కనుంచి పీల్చినందుకే కన్యాకుమారికి చాలా రోజులు గొంతు పెగల్లేదు. అప్పుడర్థమైంది ఆమెకి, లోపలున్న పిల్లకి ఏమై ఉంటుందో.

అప్పటినుంచీ ఎన్నిసార్లు చెబుదామనుకుందో. కానీ దాలమ్మ, కూతురి తలపు వచ్చినప్పుడల్లా, “నేను సెయ్యగలిగిందంతా సేశాను, అమ్మ దయ తలచలేదు,” అని కళ్ళొత్తుకునేది. ఆ ఒక్క మాట పట్టుకునే ఆ మనిషి నిలబడి ఉంది. నీ కూతుర్ని చెట్టు చంపలేదు, నువ్వేసిన పొగ చంపిందని ఆ తల్లితో ఎలా అనడం? అనలేకపోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరికీ ఒళ్ళు పొంగలేదు కాబట్టి, అనవలసిన అవసరం కూడా రాలేదని తనకు తాను నచ్చజెప్పుకుంది.

ఇప్పుడు దాలమ్మ గింజలు కుంపట్లో పోసింది. చిటపటమన్నాయి. నల్లటి పొగ చిక్కగా లేచింది.

“కప్పవే,” అంది దాలమ్మ.

కన్యాకుమారి చేతులు అలవాటు ప్రకారం దుప్పటి కప్పేశాయి. నిజం చెప్పాలంటే కప్పింది ఆమే. కప్పి, రెండు అంచులూ పట్టుకుని నిలబడింది. దాలమ్మ చెట్టు చుట్టూ మొదటి చుట్టు మొదలెట్టింది. లోపల ఈశ్వరి దగ్గింది. ఎప్పుడూ మాట్లాడుతూ ఉండే పిల్ల, మాట లేకుండా దగ్గింది. “అత్తా,” అంది ఆ తర్వాత. ఆ గొంతు ఈశ్వరిది కాదు. సన్నగా ఉంది.

కన్యాకుమారి దుప్పటి లాగి విసిరేసింది. కుంపటిని కాలితో తన్నింది. నిప్పులు ఎండుటాకుల మీద పడ్డాయి. వాటినలాగే వదిలేసి ఈశ్వరిని చంకల కింద పట్టుకుని గాలి వచ్చేవైపుకి లాగింది.

“ఏటి సేస్తన్నావే,” అంటూ దాలమ్మ అడ్డం వచ్చింది. “మద్దిలో ఆపితే పిల్ల దక్కుతాదేటి? సిన్నతల్లి మీద ఒట్టు, ఆపకు.”

“సిన్నతల్లి ఈ పొగకే పోనాదత్తా.”

“ఏటి?”

“అమ్మ కోపం కాదు. ఏ కోపమూ కాదు. పొగ గొంతులోకెల్లి గొంతు పొంగిపోయి ఊపిరాడక పోనాది. నేను సూశాను. ఇది కూడా అలగే పోతాది, ఒగ్గు అత్తా, తోవొగ్గు.”

దాలమ్మ తోవ వదిలింది. వదలాలని వదిలిందో, తెలియకుండానే పక్కకి జరిగిందో చెప్పలేం. ఆమె మొహంలోకి చూసే ధైర్యం కన్యాకుమారికి లేదు, తీరికా లేదు. వెనక ఎండుటాకులు అంటుకుని మండుతుంటే ముసలామె వాటిని ఒట్టి కాళ్ళతో తొక్కి ఆర్పుతున్న చప్పుడు మాత్రం వినబడింది.

మంట చూసి కాబోలు, బంగారురాజు ఆటో గట్టు దాకా తెచ్చేశాడు. ఈశ్వరిని ఎక్కించేసరికి ఆమె రెండు చేతులూ గొంతు మీద పెట్టుకుంది. ఊపిరి తీస్తే గురగుర, వదిలితే ఈల. కన్యాకుమారి ఆ పిల్ల తలని తన భుజానికి ఆనించి, ఆ గురకనే వింటూ కూర్చుంది. గురక వినబడుతున్నంతసేపూ పిల్ల ఉన్నట్టే.

ఏటి రోడ్డు మీద ఇసుక లారీలు వరసగా ఆగున్నాయి. ఎదురుగా ఒక లారీ అడ్డంగా నిలబెట్టి, డ్రైవరు పొలంగట్టున ఫోన్ మాట్లాడుతున్నాడు. బంగారురాజు హారన్ కొట్టాడు, తిట్టాడు, బతిమాలాడు. డ్రైవరు చెయ్యి ఊపి, ఉండమన్నాడు. ఈశ్వరి గురక మధ్యలో ఒక ఖాళీ వచ్చింది. కన్యాకుమారి ఆటో దిగింది. పొగకి ఆమె గొంతు అప్పటికే బొంగురుపోయింది. డ్రైవరు దగ్గరికెళ్ళి అతని చేతిలో ఫోన్ లాక్కుంది.

“ఆటోలో నా కోడలు సచ్చిపోతంది. లారీ తీస్తావా, నీ ఫోను ఏట్లో పడీమంటావా?”

ఆ మాట అరిచి అనలేదు. అరిచే గొంతు లేదు. డ్రైవరు ఆమె మొహం చూసి పరిగెత్తాడు. లారీ పక్కకి జరిగింది. దాని వెనక లారీ కూడా ఎవరూ చెప్పకుండానే జరిగింది.

నరసన్నపేటలో మొదట కనబడిన ఆస్పత్రికే తీసుకెళ్ళారు. అప్పటికి ఈశ్వరి పెదాలు నీలంగా ఉన్నాయి. నర్సు పిల్లని పట్టుకుని లోపలికి తీసుకుపోయింది, తలుపు మూసుకుంది. మూసిన తలుపు ముందు నిలబడటమంటే ఏమిటో కన్యాకుమారికి ఆ రోజు తెలిసింది. లోపల ఏం జరుగుతోందో తెలియదు. ఎవరినడగాలో తెలియదు. తలుపు కొడితే తప్పేమోననుకుంది. తర్వాత ఆ అనుకోవడం మీద తనకే రోత పుట్టి, తలుపు కొట్టింది. డాక్టరమ్మ తొంగిచూసింది.

“ఏదైనా పడనిది తిన్నదా?”

“తినలేదమ్మా. నల్లజీడి రసం మొకానికి తగిలింది. దాని మీద నల్లజీడి పొగ పట్టించాం. మామిడి సొన కూడా దీనికి పడదు. ఆ సంగతి నాకు ముందే తెలుసు.”

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆమెకేసి చూసి లోపలికెళ్ళిపోయింది. సూదులు వేశారు, ఆక్సిజన్ పెట్టారు. ఎంతసేపైందో గాని, మళ్ళీ తలుపు తెరిచి, గండం గడిచిందనీ, ఆ దుప్పటి కింద ఇంకాస్త సేపుంచితే తన దగ్గరికి తెచ్చి లాభం ఉండేది కాదనీ చెప్పింది. కన్యాకుమారి అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. ఆస్పత్రి జనమంతా చూస్తున్నారని తెలిసి కూడా ఏడ్చింది.

సాయంత్రానికి ధర్మేంద్ర భోగాపురం నుంచి వచ్చాడు. జగన్నాధం రాజాం నుంచి వియ్యంకుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. మర్నాడు మధ్యాహ్నానికి ఈశ్వరి రెప్పలు సగం విడ్డాయి. ఆ సందులోంచి అత్తని చూసి, ఏదో అనబోయింది, దగ్గొచ్చింది. మాట్లాడొద్దని నర్సు కోప్పడింది. అలవాటు లేని పని కావడంతో పిల్ల చాలా అవస్థపడింది. నవ్వాలో ఏడవాలో తెలియక ధర్మేంద్ర మొహం అటు తిప్పుకున్నాడు.

“అమ్మా, నువ్వింటికెల్లు. మామ్మ ఒక్కర్తే ఉన్నాది,” అన్నాడు తర్వాత.

వెళ్ళాలని కన్యాకుమారికి లేదు. వెళ్ళింది.

దాలమ్మ అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూర్చుంది. అరికాళ్ళ నిండా కాలిన బొబ్బలు. పొయ్యి రాజెయ్యలేదు. పక్కింటివాళ్ళు తెచ్చిపెట్టిన అన్నం మీద మూత తీసినట్టు లేదు.

“పిల్లకెలాగున్నాది?”

“కళ్ళు తెరిసింది. రెండ్రోజులుంచుకుని పంపిస్తారంట.”

దాలమ్మ తలూపింది. వీధి చివరికి వినబడే ఆ గొంతు ఎటుపోయిందో, పక్కనున్న మనిషికే అంతంతమాత్రంగా అందుతోంది. కన్యాకుమారి నూనె తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, బొబ్బలకి రాయడం మొదలెట్టింది.

“నేనే సంపుకున్నాను కదే,” అంది దాలమ్మ. “నా సేతుల్తో కూకోబెట్టి, నా సేతుల్తో గింజలేసి. నిన్నట్నుంచి అదే సూస్తన్నాను. ఇంకెవులూ లేరక్కడ. నేనే.”

కన్యాకుమారి చెయ్యి ఆగింది. ఊరుకుంటే ఊరుకోవచ్చు. పాతికేళ్ళు మోసిన బరువుని ఆ ముసలామె తనంతట తానే నెత్తికెత్తుకుంటోంది, మొత్తం తనదేనంటోంది. కాదనడానికి బతికున్నవాళ్ళలో ఎవరూ లేరు, కన్యాకుమారి తప్ప. ఆమెకి భయమేసింది. నిన్న లారీ డ్రైవరు ముందు లేని భయం, చెట్టు కింద లేని భయం. చెప్పాక ఈ అత్త తన చేతి కూడు తింటుందో లేదో, ఈ ఇంట్లో తనకి చోటుంటుందో లేదో.

“నువ్వొక్కదానివే కాదత్తా,” అంది. “దుప్పటి పట్టుకున్నది నేను. లోపల్నుంచి అది నా సెయ్యి పట్టుకున్నాది. సాలని నీతో సెప్పమన్నాది. నేను సెప్పలేదు. ఇంకో సుట్టు అయ్యాక సెప్దామని ఆగిపోనాను.”

దాలమ్మ కాలు వెనక్కి లాక్కోలేదు. తిట్టలేదు. వీధిలో ఎవరో ఎడ్లని తోలుకెళ్ళారు, దుమ్ము లేచి అణిగింది.

“అప్పటికి దానికి గొంతున్నాదేటి?” అని అడిగింది చివరికి.

“సన్నంగా ఉన్నాదత్తా.”

“నేను ఇనలేదు. ఆకరి మాటేటీ లేకుండానే పోనాదనుకున్నాను ఇన్నాళ్ళూ.” దాలమ్మ కోడలి వైపు తిరిగింది. “ఎలాగన్నాది? నీ మాటల్లో కాదు. అది ఎలాగన్నాదో అలగే సెప్పు.”

కన్యాకుమారి గొంతు సవరించుకుంది. “వదినా, సాలని అమ్మతో సెప్పు,” అంది.

దాలమ్మ కళ్ళు మూసుకుంది.

“మల్లీ సెప్పు,” అంది.

కన్యాకుమారి మళ్ళీ చెప్పింది.